సెటిల్ అయిన పిల్ల

హలో… ఆ, నేనే వదినా, సంతోషకుమారిని. మాయాబందర్‌లో మీ ఫోను ఇంకెవరు ఎత్తుతారు?… అవును, శారదాదేవి టీచరుగారింట్లోనే. ఆవిడ గోడ మీంచి కేకేస్తే చంటోణ్ణి చంకనేసుకుని పరిగెత్తుకొచ్చాను.

…నా ఉత్తరం అందిందన్నమాట. అదే అనుకున్నా. ఎనిమిది నెలల్లో మీ అంతట మీరు ఫోన్ చెయ్యడం ఇదే కదా.

…రాసింది రాసినట్టే వదినా. రేపు సాయంత్రం షిప్పు. ఎల్లుండి పొద్దున్నకల్లా పోర్ట్‌బ్లెయిర్‌లో దిగి, డెలానీపూర్‌లో మీ గుమ్మం ముందుంటాను. నా కూతురు కెజియాని తీసుకుని తిరుగు షిప్పులో వచ్చేస్తాను.

…ఏంటీ?… పిల్ల అక్కడ సెటిల్ అయిపోయిందా?

…ఓహో. వచ్చేసిందా ఆ మాట! ఇంకా రాలేదేంటా అని చూస్తున్నా.

…అరే, కోపం కాదు వదినా. కోప్పడేంత చదువు నాకెక్కడిది? ఎనిమిదో క్లాసుతో మానిపించేశారు. "పెళ్ళయితే సెటిల్ అయిపోతావు, తొమ్మిది చదివి ఎవర్ని ఉద్ధరిస్తావు" అన్నాడు మా నాన్న. నాకు ఇంగ్లీషులో బాగా వంటబట్టిన మాట అదొక్కటే. మిగతా పాఠాలన్నీ మీ ఇంట్లోనే చెప్పారు.

…చెప్పలేదంటారా? సంబంధం తెచ్చింది మీరే కదా! "మా తమ్ముడు యిర్మియా పక్కా సెటిల్డ్" అన్నారు. వచ్చి చూస్తే ఒక రేకుపెట్టె, అడవి డిపార్టుమెంటులో రోజుకూలీ, ఇంకో ఇద్దరితో పంచుకున్న గది. అప్పట్లో సెటిల్డ్ అంటే ఇంకా ఎక్కడికీ పారిపోలేదని అర్థం కాబోలు.

…ఇప్పుడు పర్మనెంటే. నేనెక్కడ కాదన్నాను?

…ఆ, ఇంకోటీ గుర్తొచ్చింది. మీ అమ్మగారు నన్ను ఇంట్లోంచి పొమ్మన్న రోజు, "అందరం కూర్చుని సెటిల్ చేద్దాం" అన్నారు మీరు. కూర్చున్నాం. పాస్టరుగారు ప్రార్థన చేశారు. మీరందరూ బజ్జీలు తిన్నారు. తప్పు నాదని తేలింది. బస్, అంతే, సెటిల్!

…సరే, పాతవి వద్దు. కొత్తవే మాట్లాడదాం.

…తెలుసు, ఇక్కడందరూ పిల్లల్ని పోర్ట్‌బ్లెయిర్‌లో చుట్టాల దగ్గర పెట్టే చదివిస్తారు. మా పక్కింటి వీరలక్ష్మి కూడా పెద్దదాన్ని షాదీపూర్‌లో అక్క దగ్గర ఉంచింది. కానీ ఆ అక్క సెలవలకి పంపిస్తుంది వదినా. మీరు క్రిస్మస్‌కి కూడా పంపలేదు. "ఇప్పుడిప్పుడే సెటిల్ అవుతోంది, కదపకు" అన్నారు. బిందెలో బురదనీళ్ళయితే కదపకూడదు. నాలుగేళ్ళ పిల్లని కదిపితే ఏమవుతుంది? అమ్మ గుర్తొస్తుంది. అంతేగా మీ భయం?

…మీకూ హక్కుందా? ఎనిమిది నెలలు పెంచారనా? బాగుంది. సర్కారువాళ్ళు ఈ దీవులకి తెచ్చి భూమి ఇచ్చినవాళ్ళని సెట్లర్లు అంటారు. మా నాన్న తన చేతి డబ్బుతో ఓడెక్కి వచ్చాడు, ముప్ఫై ఏళ్ళు వల లాగాడు. ఆయన్ని ఒక్కనాడూ ఎవరూ సెట్లర్ అనలేదు. ఒక చెక్క భూమి కూడా ఇవ్వలేదు. మీకు మాత్రం ఎనిమిది నెలలకే నా పిల్ల మీద పట్టా వచ్చేసింది!

…సముద్రం బాగోలేదా? క్రిస్మస్‌కి ఇదీ చెప్పారు. దారంతా వాంతులు చేసుకుంటూనే వస్తాను. జెట్టీ మీద దిగాక కడుపు దానంతటదే సెటిల్ అవుతుంది. దానికి ఎవర్నీ అడగక్కర్లేదు.

…ఏంటి?… స్కూల్లో చేర్చేశారా? ఎప్పుడు?… సోమవారమా? ఇవాళ గురువారం. నాకు చెప్పాలని మూడు రోజులుగా ఒక్కసారీ తోచలేదా?

…అలాగా. అక్కడే పనిచేసే గవర్నమెంటు ఉద్యోగి పిల్లలకి సీటు తొందరగా ఇస్తారా. అందుకని తండ్రి పేరు మీ ఆయనది, దేవప్రసాద్ అన్నయ్యగారిది రాయించారా. ఊఁ.

…మరి తల్లి పేరు దగ్గర?

…వదినా, తల్లి పేరు దగ్గర ఏం రాశారు?

…ఏంటీ, మళ్ళీ చెప్పండి.

…టీచరుగారూ, చంటోణ్ణి కాస్త పట్టుకుంటారా? ఏం లేదండీ, సరిగ్గా వినపడట్లేదు.

…వినపడింది వదినా. మళ్ళీ చెప్పక్కర్లేదు. జ్ఞానవతి. మీ పేరే. మంచి పేరు.

…ఎవరు ఒప్పుకున్నారు?… మీ తమ్ముడా?… పోయిన నెల పోర్ట్‌బ్లెయిర్ వచ్చినప్పుడా. "సంతోషకి నేను చెప్పి సెటిల్ చేస్తాలే అక్కా" అన్నారా.

…వాహ్. ఇంటికొచ్చి నాకేం చెప్పారో తెలుసా? పిల్ల లావైంది, నువ్వు వర్రీ అవ్వకు అన్నారు. చారు పోసుకుని రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. పొద్దున్నే అడవి క్యాంపుకి వెళ్ళిపోయారు. సెటిల్ చెయ్యడమంటే ఆయన భాషలో అడవిలోకి పోవడం. అక్కడ ఫోను ఉండదు, పెళ్ళాం ఉండదు.

…అయ్యో, ఏడవకండి. ఇంతసేపూ నేను అన్నవి వేరు, ఇది వేరు. దీన్ని మాత్రం నేను ఎగతాళి చెయ్యను. పదేళ్ళుగా మీరు బిడ్డ కోసం ఎంత ప్రార్థించారో నాకు తెలుసు. చంటోడు కడుపులో ఉన్నప్పుడు నేను మంచం దిగలేకపోతే, వచ్చి కెజియాని ఎత్తుకెళ్ళింది మీరే. తలకి నూనె పెట్టారు, జ్వరమొస్తే రాత్రుళ్ళు మేలుకున్నారు. ఆ మేలు మరిచిపోను. మీ ఇంటికొచ్చి ఏడాది చాకిరీ చెయ్యమన్నా చేస్తాను. పిల్లని మాత్రం ఇవ్వలేను.

…ఏమన్నారు? నాకు ఇంకోడున్నాడు కదా అనా? వాళ్ళేమన్నా వలలో పడ్డ చేపలా వదినా, ఒకటి మాకు, ఒకటి పక్కింటికి పంచుకోడానికి?

…సరే, మీరు కావాలని అనలేదు. నోరు జారింది. నాకూ జారుతుంది.

…స్కూలుకి నేనే వెళ్తాను. అన్నయ్యగార్ని కూడా రమ్మనండి. బడి పెద్దమ్మగారిని అడుగుతాను, ఆవిణ్ణేమంటారు, ప్రిన్సిపాల్‌ని. తల్లి దగ్గర నా పేరు రాయించి, అప్పుడే పిల్ల పేరు ఆ బడిలోంచి తీసేయించుకుని వస్తాను. ఇక్కడ టీచరుగారి బడిలో వేస్తాను. ఇంగ్లీషు తక్కువ వస్తే రానీండి.

…పిల్ల నా కోసం ఏడవడం పూర్తిగా మానేసిందా? మీరు సంతోషంగా చెప్తున్నారు. దానికంటే ఇంకా ఏడుస్తోందంటేనే నాకు నయం.

…దాన్నొకసారి పిలవండి… నిద్రా? సాయంత్రం ఐదింటికి నిద్రేంటి? వెనకాల ఏదో హిందీ పాట పాడుతోంది, నాకు వినపడుతోంది. ఇవ్వండి వదినా. ఒక్క నిమిషం.

…

…కెజియా? నేనమ్మా, అమ్మని… అమ్మకి నమస్తే చెప్పరు తల్లీ… సరేలే, చెప్పేశావుగా. నమస్తే.

…ఏం తిన్నావు?… హిందీలోనే చెప్పు, నాకూ వచ్చు… తమ్ముడా? పళ్ళొచ్చాయి, అందర్నీ కరుస్తున్నాడు.

…విను. ఎల్లుండి పొద్దున్న నేనొస్తాను… ఎన్ని రోజులుంటానా? ఉండడానికి కాదు. నిన్ను ఇంటికి తెచ్చుకోడానికి.

…గుర్తుపడతావా నన్ను?

…నన్ను చూడగానే పరిగెత్తుకు రానక్కర్లేదు. మొహం గుర్తు రాకపోతే తలుపు పక్కనే నిలబడు. నేను కింద కూర్చుంటాను. నువ్వొచ్చేదాకా అలాగే కూర్చుంటాను. పిలవను. ఎత్తుకోను. సరేనా?

…అత్త రమ్మంటోందా? వెళ్ళు మరి. ఫోన్ మెల్లిగా పెట్టెయ్… ముందు నేను పెట్టను, నువ్వే పెట్టు.

…

…పెట్టావా?

…

…పెట్టలేదేం?… నీ ఊపిరి వినపడుతోందే.

…ఆఁ. ఉన్నాను. నేనూ ఉన్నాను తల్లీ. నేనూ పెట్టలేదు… వదినా, దాని చేతిలోంచి లాక్కోకండి… వదినా, ఒక్క నిమిషం వదినా—