మూడో ప్రకటన

(1986. ఫిల్మ్ నగర్‌లో సినిమాలకు బట్టలు కుట్టే షెడ్డు. మిషను ముందు సుగుణమ్మ. పోలీస్ యాక్షన్ నాడు ఊరు విడిచి, ముప్పై ఎనిమిదేళ్లకు తిరిగి వచ్చిన జకరయ్య ఎదురుగా స్టూలు మీద.)

“నవ్వకు సుగుణా. పాస్టరయ్య నిజంగనే అన్నడు. ‘గుడి రిజిస్టర్ల నువ్వు సచ్చినవు, సచ్చినోనికి పెండ్లెట్ల జేస్త’ అని.”

“నవ్వక ఏం జెయ్యమంటవు జకరయ్యా? ఈ ఫిల్మ్ నగర్ల రోజూ సచ్చినోళ్లు లేసి చాయ్ తాగుతరు. నువ్వూ గట్లనే వస్తివి. జర ఆ కత్తెర ఇయ్యి.”

“మాట మార్చకు.”

“కత్తెర అడిగిన, గంతే. జూబ్లీహిల్స్ బంగ్లాల రేపు చావు సీను. ఏడ్చేటోళ్లకు యాభై తెల్లచీరలు. అంచు కొట్టాలె.”

“గుడిల మూడు ఆదివారాలు ప్రకటన సదివితేనే పెండ్లి గదా. రెండు ఆదివారాలు మనది సదివిండ్రు. మూడో ఆదివారానికి మిలిట్రీ వచ్చె. జాగీర్దారు కారు నడిపినోడు రజాకారే అని నా ఎంబడి వడ్డరు. ఉరికి షోలాపూర్ల పడ్డ. ఇగో, ఈ సిలువ పుస్తె అప్పటి సంది జేబులనే ఉంది. గా మూడో ప్రకటన ఇప్పుడు సదివిపిద్దాం. ఈ వయసుల సిగ్గేంది?”

“సిగ్గు కాదు.”

“మరేంది? నీకు పెండ్లయిందని మీ నాయిన ఉత్తరం రాసె. మొన్న ఊర్లకు పోయి అడిగితే, సుగుణకు పెండ్లెక్కడిది అన్నరు. ముసలోడు మనిద్దరి బతుకు…”

“నాయిన్ని ఏమనకు.”

“అననా? నేను బతికుండంగనే నాకు సమాధి కట్టిచ్చిండు! నా పేరు చెక్కిన రాయి నేనే నిలవడి సదువుకున్న. దానికి సున్నం గూడ కొత్తది.”

“ఈస్టర్‌కు కొట్టిన.”

“నువ్వా?”

“ఏటేటా కొడ్త. మొంబత్తి ముట్టిస్త.”

“పిచ్చిదానా, నేను లేని సమాధికా? ఇగ ఆ అవసరం లేదు. సోమవారం పలుగులు పట్టుకొని ఇద్దరు మనుషులొస్తున్నరు. పెట్టె పైకి తీసి, ఖాళీ అని సంఘం ముంగట చూపెట్టాలె. అప్పుడు నా పేరు దిద్దుతరట.”

“వద్దు.”

“ఏంది వద్దు?”

“పెట్టె తియ్యొద్దు. పెండ్లొద్దు. నువ్వు మళ్ల షోలాపూర్ పో.”

“మిషను ఆపు సుగుణా.”

“ఇంకా అంచు ఉంది…”

“ఆపు!”

“…నాయిన ఉత్తరం రాసిండంటివి గదా. చేతిరాత నాయినది. మాట నాది.”

“నన్ను రావద్దన్నది నువ్వా?”

“నిన్ను బొంద పెట్టినంక రెండు నెలలకు, నువ్వు బతికున్నవని నీ ఉత్తరమొచ్చె. ఎన్నిసార్లు సదువుకున్ననో, ఎంత ఏడ్చిననో. నువ్వొస్తే నీ సమాధి తవ్వుతరని భయపడ్డ. ఇప్పుడు నువ్వు తవ్విస్తనంటున్నట్టే.”

“తవ్వితే ఏమైతది? ఖాళీ పెట్టె!”

“ఖాళీది కాదు.”

“ఎవరున్నరు అండ్ల?”

“నువ్వు పోయినంక ఎనిమిది నెలలకు… మా చిన్నమ్మ ఇంట్ల. ఊర్ల ఎవ్వరికి తెల్వది. మూడు దినాలు బతికిండు.”

“బతికిండు… మొగపిల్లగాడా? నా కొడుకా?”

“పెరట్ల పూడుస్తనన్నడు నాయిన. కుక్కపిల్లనా అన్న. గుడిగంట కొట్టాలె, పాట పాడాలె, సమాధుల తోటలనే పెట్టాలె అన్న. ఎవరి పేరు మీద అని అడిగిండు. నువ్వు సచ్చిపోయినవనే అనుకుంటిమి. జకరయ్య శవం దొరికిందని సంఘానికి చెప్పుమన్న. పెద్ద పెట్టె చేపిచ్చి, మూత తెరవనియ్యలే. పెట్టెనిండ నా చీరలు, నడుమ వాడు. ఊరంత ఏడ్చింది. నీకోసం.”

“నాకొక్క ముక్క రాయకపోతివి సుగుణా… ఇన్నేండ్లు… వానికి పేరన్న పెట్టినవా?”

“రాయి మీద నువ్వే సదువుకుంటివి గదా జకరయ్యా. అది వాని పేరు.”