వాలు మీద నిలబెట్టిన ట్రాక్టర్

“నానమ్మా, హోటలోళ్లు మళ్ల ఫోన్ చేసిన్రు. తాత ట్రాక్టర్ ఇస్తవా, ఇయ్యవా?”

చెప్త గని, ముందు గీడ కూసో. నీ దోస్తును గూడ పిలువు. ఇనేటోళ్లుంటెనే నాకు చెప్పబుద్దయితది.

మీ తాత, ఆయనకు స్వామి సన్నిధి దొరకాలె, దీన్ని మన ఊరికెళ్లి ఎల్బీనగర్‌కు తోలుకొచ్చిండు. నీళ్ల ట్యాంకర్ కట్టి కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ గల్లీలన్ని తిరిగిండు. తాళం తిప్పితె స్టార్టయ్యే సెల్ఫ్ ఎన్నడో పోయింది. బాగుచేయించయ్యా అంటె, వాలుండంగ సెల్ఫెందుకే అనేటోడు. ఎరికేనా, అందరు తూర్పుముఖం ప్లాటు చూస్తె ఈయన వాలున్న గల్లీ చూసి కొన్నడు. పొద్దుగాల నర్సింహస్వామికి దండం పెట్టి బ్రేకు ఇడిస్తె, అదే కిందికి దొర్లుతది. గేరేసి క్లచ్చు ఇడిస్తె డబడబ అందుకుంటది. ఒక్కనాడు మోసం చెయ్యలె.

పక్కింటి సుబ్బలక్ష్మిగారు లేదా, కోస్తా నుంచి వచ్చిన టీచరమ్మ, రోజూ కిటికీల నుంచి, “అన్నయ్యగారూ, కాస్త ఆపండి, మావారు పడుకున్నారు” అనేది. పాపం, ఆ సారుకు కిడ్నీలు పాడయినయి. రోజిడిచి రోజు డయాలసిస్.

ఓ యేడు వానలకు గల్లీ కింద మోకాళ్ల మీదికి నీళ్లొచ్చినయి. కార్లన్ని ఆగినయి. అంబులెన్సు మెయిన్ రోడ్డు మీదనే నిలవడ్డది. సారుకు అప్పటికే ఓసారి డయాలసిస్ తప్పి, ఊపిరాడుతలేదు. మీ తాత ట్రాలీ తగిలించి పరుపేసిండు. సారును పండవెట్టి, ఆమె, నేను చెరో పక్క కూసున్నం. నీళ్లల్ల వడకముందే ఇంజన్ అందుకోవాలె. నీళ్ల నడుమ ఆగిందా, మళ్ల అందుకోదు. స్వామీ, స్వామీ అనుకుంట నేను కండ్లు మూసుకున్న. అందుకున్నది. నీళ్ల నడుమకు పోయినంక సప్పుడు జర సన్నగయింది. గప్పుడు ఆమె గట్టిగ అన్నది, “అన్నయ్యగారూ, ఆపకండి!”

మీ తాత ఎనుకకన్న తిరగలె. “ఇన్నేండ్లు మీరు ఆపమంటెనే ఆగలేదమ్మా, ఇప్పుడెందుకు ఆగుతది?”

నవ్వుకుంట ఏడ్సింది ఆ తల్లి. నీళ్లు దాటి సారును అంబులెన్సు ఎక్కించినం. దేవుని దయ, ఇయ్యాల్టికీ బాల్కనీల కూసోని పేపర్ చదువుతడు. దసరాకు దీనికి బంతిపూల దండ ఆమెదే.

ఇగ హోటలోళ్లంటవా? ఇంజన్ దీసి పూలకుండీలు వెడ్తరట, ఫొటోలు దిగనీకి. మీ హోటల్ ముందట వాలుందా అని అడిగిన. నవ్విన్రు. నవ్వేటోళ్లకు నేనియ్య.

తాత నీకు నేర్పిండు గద? పో, సీటెక్కు. నేను గీ మెట్ల మీదికెళ్లి చూస్త. స్వామిని తలుసుకో... బ్రేకు ఇడువు... ఆఁ, గట్ల. చల్లగుండు బిడ్డా. అగో, సుబ్బలక్ష్మిగారు కిటికీ తెరిచింది. చెయ్యి ఊపుతున్నది సూడు, ఆపకు...