నా పీనుగ ఏషం

ఏందన్నవ్ బిడ్డా? కాలేజీల నాటకమా? ఊపిరి పట్టుడు నేర్పమంటవా నన్ను? నీకెవ్వలు చెప్పిండ్రే, మీ నాయినేనా? సరే, కూసో. గా రికార్డు చేసెటి ఫోను జర దగ్గరికి వెట్టు, గొంతు సన్నగైంది.

మాది దేవరకొండ దిక్కు, గొర్లు కాసెటోళ్లం. నిజాం కాలం. నాకింక మీసాలే సరిగ్గ రాలే, భాగోతంల రాజు ఏషం కట్టాల్నని మాత్రం మస్తు పిచ్చి. గురువు సాయన్న పొద్దుగాల్నే మమ్ముల బాయిల దింపి, మెడదాక నీళ్లల్ల నిలవెట్టి రాగం తీపిస్తుండె. ఒడ్డెక్కినంక ఎల్లెలకల పండవెట్టి కడుపు మీద రోలు... కాదు కాదు, రోలు పెడితె సస్తం గద, నూరెటి పొత్రం పెట్టెటోడు. 'గొంతులకెళ్లి కాదురా, బొడ్డుకాడికెళ్లి రావాలె' అంటుండె.

నీళ్లల్ల మునిగితె అందరి కంటె ఆఖరుకు నేనే లేస్తుంటి. నోరు తెరిస్తె గొర్రెపిల్ల అరిసినట్టే. ఆట నాడు పొద్దుగాల గురువు పిలిసి, 'నీకు ఊపిరి పట్టుడొచ్చింది గని ఇడుసుడు రాలేదురా. ఇయ్యాల రాజు ఇంకోడు. రాజు కొడుకు యుద్ధంల సస్తడు, నువ్వు గా పీనుగోలె పండుకో. కదలకుండ పంటె మల్ల ఆటల రాజువు నువ్వే. కదిల్నవో, గొర్లకాడికి పో' అన్నడు. ఏడుపొచ్చింది. అయినా సరే అన్న.

మా అవ్వకు గీ ముచ్చట ఎర్కలే. అవ్వంటే మా అమ్మనే, గప్పుడు మేం అమ్మను అవ్వ అనెటోళ్లం. కొడుకు రాజైతడని ఊరంత చెప్పుకోని మందతోని పోయింది. పొద్దు వాలంగ ఆట షురువైంది. పటేలు ముందల కుర్సీల కూసున్నడు. నేను తెల్లబట్ట కప్పుకోని, మెడల బంతిపూల దండేసుకోని పండుకున్న. ముక్కు మీద ఈగ వాలింది బిడ్డా. మూతి దాక నడుసుకుంట వచ్చింది. నేను కదల్లే. గప్పుడే అవ్వ మందను దొడ్లకు తోలి ఉరికొచ్చింది. రాజు యాడున్నడని సూస్తె కొడుకు పీనుగై కనవడ్డడు.

జనాన్ని తోసుకుంట వచ్చి మీద పడ్డది. 'పొద్దుగాల జొన్న గట్క తిని పోతివి గదరా కొడుకా' అని శోకం పెట్టింది. పటేలేమో శభాష్, గీమెను ఏడికెళ్లి పట్కొచ్చిండ్రు, మంచిగ ఏడుస్తున్నది అంటుండు. నేను రాజు ఏషం యాది చేస్కుంట కండ్లు గట్టిగ మూస్కున్న. అవ్వ ఎద గుద్దుకునుడు ఇనవడ్డది. ఇగ నాతోని గాలే. లేసి కూసోని, 'అవ్వా, బతికే ఉన్ననే' అని అరిసిన. గది బొడ్డుకాడికెళ్లి వచ్చింది. ఊరవతల కుక్కలు మొరిగినయంటె సూడు. అవ్వ నన్ను రెండు పీకి, మల్ల అలుముకున్నది.

గురువు తిడ్తడనుకున్న. 'గిదేరా గొంతు, ఇన్ని దినాలు యాడ దాసినవ్' అని రాజు ఏషం ఇచ్చిండు. అవ్వ ఊకుంటదా? 'రాజును చెయ్యి, దొంగను చెయ్యి, నా కొడుకును మాత్రం సంపకు' అని ఆయనతోని ఒట్టు పెట్టిచ్చుకున్నది. ఇగ కథల రాజు సావాల్సిన కాడ నేను తెర ఎనకకు ఉరుకుతుంటి. జనం పడి పడి నవ్వుతుండ్రి. అవ్వ నిమ్మలంగ తమలపాకు నములుతుండె.

అవ్వ పోయినంక ఒక ఆటల సచ్చిన. మంచిగ చేసినవని అందరన్నరు. తోసుకుంట వచ్చి మీద పడెటోళ్లు లేకపాయె. మస్తు బాధైంది బిడ్డా, మల్ల ఎన్నడు గా ఏషం కట్టలే.

సరే తియ్, సల్లంగుండు. భయపడకు, గట్టిగ మాట్లాడు. ఏం ఏషం కడ్తున్నవో మీ అమ్మకు మాత్రం ముందుగాల చెప్పి పో.