కాదని రాయాలట

సూరత్‌ ఉధ్నాలో, కింద సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగకుండా కొట్టుకునే గల్లీలో, మేడ మీది ఇరుకు గది. నర్సు చదువు చదివిన జమున, ఆమెను చిన్నప్పటి నుంచి ఇంట్లో పెట్టుకుని పెంచిన చిన్నమ్మ ఎల్లవ్వ, రాత్రిపాళీ దిగి వచ్చిన చిన్నాయన రాములు. ముగ్గురి ముందూ చాయ్ ఉంది గానీ, తాగే మొహాలు కావు ఆ పొద్దున.

"పెన్నేడ పెట్టినవు చిన్నమ్మా?"

"ఏం పెన్ను?"

"చిన్నాయిన చేతిలున్న పెన్ను. ఇప్పుడే ఇచ్చిన నేను. చాయ్ ఇచ్చినట్టే ఇచ్చి గుంజుకపోయినవు."

"నీ పెన్నుతోని నాకేం పని? ఆయన రాత్రంత సాంచాల నడుమ నిలవడి వచ్చిండు. కండ్లు మండుతున్నయంటుండు. ఇంత తిని పండుకోనీ."

"పండుకుంటే పొద్దుగూకే దాంక లేవడు. వకీలు అంతసేపు నా కోసం కూసుంటడా? ఇయ్యాలనే ఆఖరు అని వారం నుంచి మొత్తుకుంటున్న."

"ఎక్కడి ఆఖరు. ఆ మస్కట్ దవాఖాన ఇయ్యాల మునుగుతదా ఏంది?"

"దవాఖాన మునగదు, నేను మునుగుత. ఇయ్యాల కాయితం పంపకపోతే నా జాగల ఇంకో నర్సును తీసుకుంటరు. ఆ మేడమ్ ఫోన్ల సాఫ్‌గ చెప్పింది. డిగ్రీల చూస్తే తండ్రి రాములు, పాస్‌పోర్టుల చూస్తే తండ్రి కనకయ్య, గీ డిగ్రీ నీదే అని మేమెట్ల నమ్మాలె అన్నది. ఇద్దరు తండ్రులా నీకు అని నవ్వింది గూడ."

"నవ్వితే నవ్వనీ. నవ్వు తిండి పెడతదా?"

"నీకేం, నువ్వు ఇంట్ల కూసుంటవు. నవ్వించుకునేది నేను. ఆ చీర జర కింద పెట్టు చిన్నమ్మా, మొఖం చూసి మాట్లాడు."

"మాపటికి పర్వత్ పాటియా నుంచి చీరల శేఠ్ మనిషి వస్తడు. ఈ చీరలకు మెరుపు టిక్కీలు అంటియ్యకపోతే నీ మస్కట్‌ వాళ్ళొచ్చి అంటిస్తరా?"

"చూడు చిన్నాయినా, ఎట్ల మాట్లాడుతదో. నువ్వన్న చెప్పు."

"ఎల్లా, పెన్నియ్యరాదే. పిల్ల బతుకు."

"నువ్వు ఊకో. సల్లారిపోతది, చాయ్ తాగు."

"ఈయన ఊకునే గదా నా కొంప ముంచింది. ఈ గుజరాత్‌ల పిల్ల పేరెనుక తండ్రి పేరు తగిలిస్తరు. బడిల ఏది రాస్తే అదే పదోతరగతిల, అదే డిగ్రీల. ఒక్కసారి తప్పు రాయించినమా, పాడె దాంక అదే పేరు. తండ్రి పేరేంది అని బడిల అడిగితే, మా అన్న కనకయ్య అని చెప్పేటందుకు ఈయన నోట్లె ఏం అడ్డం పడ్డదో."

"నేను చెప్పలె బిడ్డా."

"మరి ఎవలు చెప్పిన్రు?"

"ఊకొమ్మన్న గదా నిన్ను. తాగు చాయ్."

"ఎందుకట్ల గదమాయిస్తున్నవు ఆయన్ని? బడికి తోల్కపోయింది ఈయన కాదా?"

"ఎవలు తోల్కపోతే ఏంది ఇప్పుడు. ఎన్నేండ్ల కిందటి ముచ్చట. నిన్ను సదివించినమా లేదా? డిగ్రీ చేతుల ఉన్నదా లేదా?"

"చేతుల ఉన్నది. నా డిగ్రీ నాదని నమ్మేటోళ్ళు లేరు. పాస్‌పోర్టు మార్పిద్దామంటే వీసా దాని మీదనే వస్తున్నది, నెలలు పడతది. అందుకే వకీలుభాయి ఈ ఉపాయం చెప్పిండు. చిన్నాయిన ఒట్టు పెట్టి ఒక్క సంతకం చెయ్యాలె. బస్. దానికి నువ్వు ఇంత రాద్ధాంతం చేస్తున్నవు."

"ఏం రాసిన్రు దాంట్ల?"

"నిన్న రాత్రి చదివి చెప్పిన."

"మళ్ళ చదువు."

"రాములు అనే నేను ఒట్టు పెట్టి చెప్పేదేందంటే, జమున నా బిడ్డ కాదు. మా అన్న కనకయ్యకు, ఆయన భార్య ఐలమ్మకు పుట్టిన బిడ్డ. బడిల చేర్పించినప్పుడు తెలివితక్కువతనంతోని తండ్రి జాగల నా పేరు, తల్లి జాగల నా భార్య ఎల్లవ్వ పేరు రాయించిన. అయిపాయె. గింతే."

"పుట్టిన అని ఉన్నదా?"

"ఉన్నది."

"అది తీసెయ్యమను. బిడ్డ కాదు అన్నది గూడ తీసెయ్యమను. ఈ పిల్లను మేం పెంచినం, కనకయ్య గూడ పెంచిండు, గట్ల రాయమను. దాని కింద ఇప్పుడే పెట్టిస్త సంతకం."

"పెంచిన ముచ్చట వాళ్ళకెందుకు చిన్నమ్మా? అన్నం ఎవలు పెట్టిన్రని అడుగుతలేరు, తండ్రి ఎవలని అడుగుతున్నరు. కాదు అని రాస్తేనే చెల్లుతదట. నేను అడిగిన, ఇంకో తీరుగ రాయరాదా అని. లేదమ్మా, కాదని రాయాలె అన్నడు వకీలు."

"అయితే వకీలుకు సిగ్గు లేదు."

"సిగ్గు ఎవలకు లేదో నాకు ఎరుకే. నేను పోవుడు నీకు ఇష్టం లేదు, అది చెప్పు. ఈడనే ఉధ్నాల ఏదో దవాఖానల రాత్రి డ్యూటీలు చేసుకుంట, పొద్దున వచ్చి నీకు టిక్కీలు అంటించుకుంట ఉండాలె."

"తిన్నది అరగక వస్తున్నయి ఆ మాటలు."

"ఇగో, గిదే. తిన్న ముచ్చట. ఎన్నిసార్లు అన్నవు గీ మాట. మందిపిల్ల లెక్కనే చూసినవు నన్ను ఎప్పుడు జూసినా. చిన్నప్పుడు నాకు జరం వచ్చింది, యాదున్నదా నీకు? కాలుతున్న పెయ్యితోని, నిద్రల నిన్ను అమ్మా అన్న. చెంప మీద కొట్టినవు. జరమొచ్చిన పిల్లను. చిన్నమ్మా అను అని మళ్ళ కొట్టినవు."

"అది యాది పెట్టుకున్నవా?"

"నేను పెట్టుకోలె. చెంప పెట్టుకున్నది."

"ఎల్లా."

"ఏంది, ఎల్లా ఎల్లా అని. పండుకో పో నువ్వు."

"మా అమ్మ పోయిన్నాడు గూడ చూసిన నిన్ను. ఊరంత మా వాకిట్లనే ఉన్నది. నేను అమ్మ కాళ్ళ మీద పడి ఏడుస్తుంటే నువ్వు నా దిక్కు చూడనన్న చూడలె. వంటింట్ల కూసోని వచ్చినోళ్ళకు అన్నం వండినవు. తోటికోడలు సచ్చిపోతే ఒక్క సుక్క రాలె నీ కండ్లకెళ్ళి."

"ఐలమ్మక్క కోసం నేను ఏడ్సిన్నో లేదో పొయ్యికి ఎరుక. నీకేం ఎరుక."

"మా అమ్మనే ఉంటే ఇయ్యాల నీ కాళ్ళు పట్టుకునే గతి నాకు పట్టకపోవు. బాపును జూడు. ఆడ సిరిసిల్లల నిన్ననే తన కాయితం మీద సంతకం పెట్టిండు. అడిగిందే ఆలస్యం."

"పెట్టిండా బావ?"

"పెట్టిండు. పెట్టేముందు ఒక్కటి అడిగిండు. మీ చిన్నమ్మ ఒప్పుకున్నదా బిడ్డా అని. సంతకం చిన్నాయినది గదా బాపూ, ఆమెతోని ఏం పని అన్న. సరే తియ్ అన్నడు."

"గట్ల అడిగిండా?"

"అడిగిండు. అందరూ నీకే భయపడతరు. ఎందుకో నాకైతే సమజ్ కాదు. మా బాపుకు నువ్వంటే భయమేంది?"

"భయం కాదు బిడ్డా అది."

"మరేంది చిన్నాయినా?"

"ఏం లేదు. మీ చిన్నమ్మ పెన్నిస్తది, పెడత నేను. ఎల్లా, ఇయ్యి. మాటిచ్చినం గదా అన్నకు."

"మాట ఇచ్చింది నువ్వు. నన్ను అడిగి ఇచ్చినవా?"

"ఏం మాట? ఎవలకు ఇచ్చిన్రు?"

"నీకు సంబంధం లేని ముచ్చట."

"నాకు దేనితోని సంబంధం ఉన్నది ఈ ఇంట్ల? బస్, నాకు వినే ఓపిక లేదు. పెన్ను నీ దగ్గరనే పెట్టుకో. కింద దుకాణంల ఇంకోటి కొనుక్కొస్త. ఆయన సంతకం నీ జాగీరేం కాదు."

"తెచ్చుకో పో. ఆయన గనక దాని మీద సంతకం పెట్టిండా, నీతోపాటే గడప దాటాలె. మళ్ళ ఈ ఇంటికి రావద్దు."

"ఏందే ఆ మాటలు, పొద్దుపొద్దున."

"చెప్తున్న, వినుకో."

"ఎందుకు చిన్నమ్మా ఇంత పగ? నేనేం జేసిన నీకు? అదొక్కటి చెప్పు, ఇగ నిన్ను ఏమడగ. పరాయి పిల్లను తెచ్చి ఇంట్ల పెట్టిన్రని మంటనా? నన్ను ఈడికి నేను రమ్మన్ననా? అమ్మకు పానం మంచిగ లేదని బాపు పంపితే వచ్చిన. ఏడ్సుకుంట వచ్చిన."

"ఏడ్సుకుంట రాలె. బండి దిగి నా కొంగు పట్టుకున్నవు. స్టేషన్ నుంచి ఇంటి దాంక ఇడువలె."

"అయితే ఏంది?"

"ఏం లేదు. చెప్పిన."

"సంతకం ఎందుకు వద్దో చెప్పు."

"అబద్ధానికి ఒట్టు పెట్టమంటున్నవు, అందుకు."

"ఏది అబద్ధం? ఈ కాయితంల ఒక్క మాట అబద్ధం చూపియ్యి. అబద్ధం బడిల రాయించిన్రు. దాన్నే గదా ఇప్పుడు సాపు జేస్తున్నం."

"ఎల్లా, వద్దు. వదిన ముందర ఒట్టు తిన్నవు నువ్వు."

"ఆమె మట్టిల కలిసింది. ఆమె ఉన్నన్నాళ్ళు మూసుకున్న నోరు. ఇప్పుడు నా మొగడు సొంత చెయ్యితోని, కాదు, మాకు పుట్టలేదు అని రాస్తుంటే నేను ఈడ కూసోని టిక్కీలు అంటియ్యాలెనా?"

"ఏమంటున్నది చిన్నాయినా ఈమె?"

"నన్నడుగు, నేను చెప్త. ఐలమ్మక్కకు కడుపు పండలె. ఎన్ని మొక్కినా పండలె. ఆమెను ఇడిసిపెట్టి ఇంకో పెండ్లి చేసుకొమ్మని ఇంట్ల వాళ్ళు బావ ఎంబడి పడ్డరు. ఊర్ల నాకు పురుడైన మూడోనాడు నిన్ను చాటల పండవెట్టి అక్క ఒళ్ళె పెట్టిన. పుట్టుక కాయితంల ఎవల పేర్లు రాయించుకోవాలెనో వాళ్ళు రాయించుకున్నరు. నేను ఈడికి సూరత్‌కు వచ్చి పాలు పిండుకోని పారవోసుకున్న."

"అబద్ధం."

"అక్క ఒక్కటే అడిగింది. పిల్ల ఎప్పుడన్న నీ తానకొచ్చినా, నిన్ను అమ్మా అని పిలువనియ్యకు చెల్లె అన్నది. పిలువనియ్యలె. జరంల పిలిస్తే కొట్టి మాన్పిచ్చిన. నువ్వు నన్ను మెచ్చుకుంటే ఏడ పిలుస్తవో అని, మెచ్చుకునేటట్టు ఎన్నడు ఉండలె నేను."

"చిన్నాయినా. నువ్వు చెప్పు. ఝూట్ అని చెప్పు."

"ఏం చెప్పాలె బిడ్డా. బడిల పేర్లు చెప్పింది నేను కాదని ఇందాకనే చెప్పిన."

"ఇగో పెన్ను. నేనేం నీ నౌకరీకి అడ్డం రాను. పెట్టిచ్చుకుంటే పెట్టిచ్చుకో సంతకం. తెలువక పెట్టిచ్చుకోకు, తెలిసి పెట్టిచ్చుకో."

"ఒట్టు తిన్నదానివి. నాకు చెప్పలె, ఊర్ల చెప్పలె, ఇన్నేండ్లు కొట్టి, తిట్టి దాసినవు. మరి బడిలనే ఎందుకు చెప్పినవు?"

"పంతులమ్మ కలం పట్టుకోని, పిల్లకు తల్లి ఎవరమ్మా అని అడిగింది. అప్పటి దాంక నన్ను ఎవ్వలూ ఆ మాట అడగలె జమునా. అడిగింది గదా, నేనే అని చెప్పిన."