లాభం, రెండు, మూడు

నా పేరు సైదు సత్తిరాజు. తండ్రి పోతురాజు, కాలం చేశారు. వయసు అరవై తొమ్మిది, ఆధార్ కార్డులో అరవై ఆరు. కాపురం ఆటపాక. కైకలూరులో వెంకటసాయి గారి చేపల షెడ్డులో కాటా దగ్గర తూకం పిలుస్తాను. బడికి పోలేదు. పకోడీలు కట్టిన కాగితాలు చదివి చదవడం నేర్చుకున్నాను. మేజిస్ట్రేటు అమ్మగారి ఎదుట, ఎవరూ చెప్పమనకుండా, వద్దన్నా సరే చెబుతున్నాను.

చెరువు గట్టు మీద చేప తూచి, మొత్తం కిలోలు చీటీ మీద రాసి వ్యాన్‌లో పంపుతారు. షెడ్డులో ఒక్కొక్క ట్రే మళ్ళీ కాటా మీద పెట్టి, నేను ట్రే వరస నంబరు, దాని తూకం గట్టిగా పిలుస్తాను. అద్దం వెనక సత్యశ్రీ కంప్యూటర్‌లో ఎక్కిస్తుంది. తాడేపల్లిగూడెం పిల్ల, బీకాం. ఉగాది వెళ్ళాక చేరింది.

ఏప్రిల్ లెక్క చూస్తే లోడుకు ముప్పై, నలభై కిలోలు తక్కువ. వెంకటసాయి గారు డ్రైవరు ఏలీయా జీతం ఆపేశారు. మే నెలా అంతే.

నాకూ ఏలీయా మీదే అనుమానం. ట్రేలు సరిపోతున్నాయి, తూకం సరిపోవడం లేదు. అంటే దారిలో ట్రేకో చేప లాగుతున్నాడన్నమాట. పైగా వాడి ఒంటి మీద చేపల వాసన. "చేపల వ్యాన్ తోలేవాడు మల్లెపూల వాసన వస్తాడా?" అంది మా ఆవిడ కాంతం. వాడి పక్షం మాట్లాడుతోందేమిటని ఆవిడ మీదా అనుమానం వచ్చింది.

ఒకరోజు సైకిలేసుకుని వెంటపడ్డాను. వ్యాన్ సైకిలుకి అందదు. ఏలీయా అక్క సుగుణ ఇంటి ముందు ఆగి ఉంటే అందింది. తడి గోతాం ఒకటి లోపలికి మోసుకెళ్ళాడు. నన్ను చూసి, "బాబాయ్ గారూ, ఎండన పడి వచ్చారు, మజ్జిగ తాగి వెళ్ళండి" అన్నాడు. దొంగ కాకపోతే మజ్జిగెందుకు ఇస్తాడు అనుకున్నాను.

సోమవారం ఉదయం వెంకటసాయి గారు నన్ను కారులో స్టేషన్‌కి తీసుకెళ్ళారు. ఆ కారెక్కడం నాకదే మొదలు. సీటు చల్లగా ఉంది. "అనుమానంగా ఉందండీ" అన్నాను పోలీసులతో. "చేపలు దింపడం కళ్ళారా చూశాడండి" అన్నారాయన. నేను కాదనలేదు. వాళ్ళు రాసిన కాగితం మీద సంతకం చేశాను. ఏలీయాని జైలుకి పంపారు.

మంగళవారం ప్రేమ్‌కుమార్ అనే కొత్త డ్రైవరు లోడు తెచ్చాడు. ముప్పై ఆరు కిలోలు తక్కువ. వీడూ దొంగే అనుకున్నాను. అప్పుడు సత్యశ్రీ బయటికొచ్చి, "తాతగారూ, ఏమీ అనుకోకండి. ఇంకా అమ్మకుండానే లాభం ఇంతని మీకెలా తెలుస్తుందండీ?" అంది.

ఇక్కడ కొంచెం చెప్పాలి. మా వైపు ధాన్యం కొలిచినా, చేప తూచినా 'ఒకటి' అనం. లాభం, రెండు, మూడు అంటాం. 'ఏడు' కూడా అనం, వ్యాపారంలో ఏడుపెందుకని 'ఆరున్నొకటి' అంటాం. మా తాతయితే తొమ్మిది దగ్గర... (సంగతిలోకి రమ్మన్నారు. వస్తున్నాను.) ఆరున్నొకటి అంటే ఏమిటని ఆ పిల్ల చేరిన రోజే అడిగింది. లాభం అంటే అడగలేదు. అది ఆమె చదువులోనే ఉంది మరి. నేను "లాభం, ముప్పై ఆరు" అంటే లాభం అనే గడిలో ముప్పై ఆరు కొట్టింది. మొదటి ట్రే తూకం గడి ఖాళీ. ముప్పై ఆరు కిలోల బొచ్చె చేప, ముప్పై ఆరు రూపాయల లాభమై కూర్చుంది. రోజూ అంతే.

పిల్ల ఏడ్చింది. ఇద్దరం వెళ్ళి వెంకటసాయి గారికి చెప్పాం. ఆయన కంప్యూటర్‌లో లెక్క చూసి, "దిద్దకు" అన్నారు.

"ఏలీయా జైల్లో ఉన్నాడండీ" అంది పిల్ల.

"ఉండనీ. వాడొస్తే రెండు నెలల జీతం నువ్విస్తావా?" అని నా వైపు తిరిగి, "సత్తిరాజూ, చూశానని సంతకం పెట్టింది నువ్వు. మాట మారిస్తే లోపలికి పోయేదీ నువ్వే" అన్నారు.

బుధవారం సుగుణ ఇంటికెళ్ళి గోతాం సంగతి అడిగాను. గేదెకి తవుడట. తడెందుకైందంటే, చేపల వ్యాన్‌లో పొడిగా ఏముంటుందండీ అంది. మజ్జిగ ఇవ్వలేదు.

ఇవాళ కోర్టు గేటు దగ్గర టీ తాగుతుంటే తెల్లకారొకటి రెండుసార్లు నెమ్మదిగా పోయింది. వెంకటసాయి గారిదే అని చెప్పను. తెల్లకార్లు చాలా ఉన్నాయి.

రాసింది నాకు చదివి వినిపించారు. వెంకటసాయి గారి మాటల దగ్గర 'అన్నారని అనుమానం' అని ఉంటే కొట్టేయించి, 'నా చెవులతో విన్నాను' అని రాయించాను. స్టేషన్‌లో రాసిన కాగితం ఇక దిద్దడానికి వీల్లేదన్నారు. అందుకని ఇందులోనే చెబుతున్నాను. ఏలీయా చేపలు దింపడం నేను చూడలేదు. గోతాం చూశాను. మిగతాది అనుకున్నాను. దీనికి నన్ను లోపల వేసినా నా మాట ఇదే.

(సంతకం) సైదు సత్తిరాజు