ఫ్రీజరులో రివెట్లు

వంటింటి బల్ల దగ్గర అత్తా కోడలూ. అత్త చేతిలో పుస్తకం, కోడలి చేతిలో చల్లారిన టీ.

"తర్వాతది. పెళుసుదనం అంటే?"

"వంగకుండా విరిగే గుణం."

"ఇంతేనా? ఇక్కడ నాలుగు లైన్లున్నాయి."

"మిగతా మూడూ అదే మాట తిప్పి రాశారు, అత్తయ్యా."

"ఉదాహరణ?"

"పోత ఇనుము. అందుకే విమానం రేకుల్లో అది ఉండదు."

"సాగే గుణం?"

"తెగకుండా తీగలా సాగడం. రాగి, మెత్తటి అల్యూమినియం."

"గడగడా అప్పజెప్పేస్తున్నావు. మరి రేపు పరీక్షకి వెళ్ళనంటావేం?"

"మీరు అడుగుతానన్నారు, చెబుతున్నాను. వెళ్తానని అనలేదుగా."

"ఊరికే అడగడానికా నేను కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది?"

"రాతపరీక్ష ఒక్కటే అయితే వెళ్దును. మధ్యాహ్నం ప్రాక్టికల్ ఉంది. జంటగా చెయ్యాలి. ఒకరు రివెట్ కొట్టాలి, ఒకరు రేకు వెనక ఇనప దిమ్మ పట్టాలి. నా జంట ఆయన."

"వేరేవాళ్ళని ఇస్తామని మీ సారు ఫోన్ చేశాడుగా."

"చేశారు."

"నువ్వేమన్నావు?"

"సరే సార్ అన్నాను."

"మరింకేం?"

"ఫోన్ పెట్టెయ్యాలంటే ఏదో ఒకటి అనాలి కదా."

"వెళ్ళకపోతే ఆ విమానాలు బాగుచేసే హ్యాంగర్లో ఉద్యోగం రాదన్నావు."

"రాదు."

"రాకపోతే పోనీ అంటావా? మా వాడు ఎలాగూ పోయాడు, అదీ పోనీ అంటావా?"

"అత్తయ్యా, తర్వాత ప్రశ్న."

"చెప్పు ముందు."

"తర్వాత ప్రశ్న అడగండి, అత్తయ్యా."

"సరే. రేకు అంచుకీ రివెట్ రంధ్రానికీ మధ్య ఎంత వదలాలి?"

"తక్కువలో తక్కువ రివెట్ మందానికి రెండింతలు. లేకపోతే అంచు చిరుగుతుంది."

"అంతే మరి. బట్టకీ అంతే. అంచు మీద కుట్టేసి, చిరిగిందని నా దగ్గరకే పట్టుకొస్తారు... అలసట. ఇదేంటే? లోహానికి అలసటా?"

"ఊఁ. ఒకే చోట రోజూ కొంచెం కొంచెం వంగుతూ ఉంటే లోపల సన్నటి పగులు పుడుతుంది. పైకి కనపడదు. ఎప్పుడూ మోసే బరువే, ఓ రోజు మోయలేదు."

"ముందుగా చెప్పదా?"

"చెప్పదు."

"మనిషైతే కనీసం మంచమెక్కుతాడు."

"మీరు పుస్తకంలోవే అడగండి."

"వాడుంటే ఈ ఒక్క ముక్కకీ అరగంట చెప్పేవాడు."

"సుత్తి కొట్టేవారు."

"హ్యాంగర్లో వాడి పేరే అదటగా."

"చేత్తో పట్టేదీ సుత్తే, నోరు విప్పితే కొట్టేదీ సుత్తే అని. నోటీసు బోర్డు మీద ఆయన పోయినట్టు రాశారు కదా, పేరు పక్కన బ్రాకెట్లో సుత్తి అని కూడా రాశారు. ఎవరో కిసుక్కుమన్నారు. నేనూ నవ్వాను."

"నవ్వావా?"

"వచ్చింది. ఏడుపు రాలేదు గానీ నవ్వొచ్చింది."

"మా చెల్లెలు అననే అంది. నీ కోడలు రాయిలా కూర్చుంది, కంట చుక్క లేదు అని."

"మీరేమన్నారు?"

"నాకూ లేదన్నాను."

"ఊరికే అన్నారా?"

"నిజమేనే. నిన్న పొద్దుటినించీ మిషను తొక్కాను. దిండు గలేబులు. లేచేటప్పుడు చూద్దును కదా, సూదిలో దారమే లేదు."

"నేను చూశాను."

"చూసి చెప్పలేదే!"

"చెప్పాలని తోచలేదు. సూది పైకీ కిందకీ వెళ్తుంటే చూస్తూ కూర్చున్నాను."

"ఇద్దరికి ఇద్దరం సరిపోయాం. ఉండు, పేజీ తిప్పనీ. ఉష్ణచికిత్స. చికిత్స అంటే వైద్యమేగా? లోహానికి వైద్యమేంటి?"

"అది వద్దు."

"రాదా?"

"వచ్చు. వద్దు."

"పెద్ద అధ్యాయమే ఇది. దీంట్లోంచి తప్పకుండా అడుగుతారని పైన పెన్సిల్‌తో రాసుంది కూడా. వాడి రాతే."

"వదిలెయ్యండన్నానా! తుప్పు అడగండి. తుప్పు ఎన్ని రకాలో అడగండి."

"ఇందులో అల్యూమినియం రివెట్ల బొమ్మ ఉంది. మన ఫ్రీజర్లో ఉన్నవేనా?"

"తుప్పు, అత్తయ్యా."

"వాడు పోయిన దగ్గర్నుంచీ నువ్వా ఫ్రీజరు తలుపు తెరవలేదు. ఐసు గడ్డకట్టి తలుపు సరిగ్గా పడట్లేదు."

"పడకపోతే పడకపోయింది."

"పాపం, నేనోసారి వాటిని బఠాణీలనుకున్నాను. గుర్తుందా?"

"ఉంది."

"మూకుట్లో గుప్పెడు పోసేసరికి టంగుటంగుమన్నాయి. వాడు స్నానాల గదిలోంచి తువ్వాలుతో పరిగెత్తుకొచ్చాడు. అమ్మా, విమానాన్ని వేయించేస్తున్నావే అని. తడి ఒంటితో అక్కడే నిలబడి మొదలెట్టాడు. ఇవి రేకుని రేకుకి పట్టించే మేకులమ్మా, కొలిమిలో కాల్చి నీళ్ళలో ముంచితే మెత్తబడతాయి, చలిలో దాచినంతసేపే ఆ మెత్తదనం, బయటికి తీస్తే పది నిమిషాల్లో కొట్టెయ్యాలి, తర్వాత గట్టిపడిపోతాయి అని. కూర చెయ్యనిచ్చాడా ఆ పూట?"

"వాటిని మళ్ళీ హ్యాంగర్‌కి పట్టుకెళ్ళి కాల్చుకొచ్చారు."

"ఇప్పుడున్నవి అవేనా?"

"కాదు. ఇవి ఆ రోజువి. మధ్యాహ్నం ఆయనే కాల్చి, ఐసు డబ్బాలో పెట్టి తెచ్చారు. రాత్రికి ప్రాక్టీసు చేద్దామన్నారు. ఫ్రీజర్లో పెట్టి, పాలపొట్లం తెస్తానని దిగారు. రోడ్డు దాటుతుంటే లారీ..."

"ఊఁ."

"అంతే."

"ఇంకా మెత్తగానే ఉంటాయా?"

"ఉండకపోవచ్చు. చలి ఆపదు, ఆలస్యం చేస్తుందంతే. హ్యాంగర్లో ఫ్రీజరు వేరు, మనది వేరు."

"అయితే తీసి చూడొచ్చుగా."

"చూస్తే తెలిసిపోతుంది."

"తెలిస్తే ఏం?"

"తెలియకపోతే, లోపల ఇంకా అలాగే ఉన్నాయని అనుకోవచ్చు. ఆయన పెట్టినవి పెట్టినట్టే."

"ఉండు."

"ఎక్కడికి లేచారు?"

"మంచినీళ్ళకి."

"బిందె ఇటుంది. అత్తయ్యా! అది ఫ్రీజరు తలుపు. అత్తయ్యా, తెరవకండి!"

"తెరిచేశాను."

"లోపల పెట్టండి. పెట్టెయ్యండి లోపల!"

"రివెట్ల పొట్లం నా చేతిలో ఉంది. పది నిమిషాలన్నాడుగా. అరుస్తూ కూర్చుంటావా, లేస్తావా?"

"మీకేం తెలుసు వాటి సంగతి?"

"పది నిమిషాలని తెలుసు. బాల్కనీలో మీ రేకులు గుడ్డ కప్పి అలాగే ఉన్నాయి. సుత్తి ఎక్కడ పెట్టావు?"

"జంట కావాలి, అత్తయ్యా. ఒక్కదాని వల్ల కాదు."

"నేనేం, బొమ్మనా? దిమ్మ పట్టుకోవడమేగా."

"చేతికి దెబ్బ తగులుతుంది."

"తగలనీ. పద. ఇలాగేనా పట్టుకోవడం?"

"ఇంకా నిటారుగా. రేకుకి ఆనించకండి, రివెట్ తోకకి ఆనించండి. గట్టిగా నొక్కిపెట్టండి. వదలకూడదు."

"వదల్లేదు. కొట్టు."

"వేళ్ళు జాగ్రత్త."

"కొట్టవే!"

"ఊఁ, ఇదిగో!"

"అబ్బ! మోచెయ్యిదాకా తిమ్మిరెక్కింది. ఇంకోటి."

"ఇదిగో, ఇదీ."

"ఆగావేం? ఎలా వచ్చింది?"

"దిమ్మ తీయండి. చూడనివ్వండి."

"బొత్తంలా పరుచుకుంది కదా. బాగానే ఉందే."

"అంచు చూడండి. చుట్టూ చీలింది."

"అంటే?"

"గట్టిపడిపోయాయి. అన్నీ ఇంతే. ఎప్పుడో గట్టిపడిపోయాయి, అత్తయ్యా. మనం తలుపు తెరవకపోయినా అయిపోయేవే. ఆయన లేరు."

"లేడమ్మా."

"ఆయన లేరు. రారు. పాలపొట్లానికి వెళ్ళి... అసలు పాలు ఉన్నాయి ఆ రోజు. ఫ్రిజ్‌లో ఉన్నాయి. నేను చూసుకోలేదు."

"ఇలా రా. సుత్తి కింద పెట్టు. రా తల్లీ. ఏడువు."

"మీ చెయ్యి ఎర్రగా కందిపోయింది."

"దెబ్బకి. వాడికీ ఇలాగే ఉండేదా, చెయ్యి?"

"ప్రాక్టీసులో దిమ్మ పట్టేది ఆయనే. రాత్రి పడుకునేదాకా రుద్దుకునేవారు. నా మీదే విసుక్కునేవారు, నువ్వు కొట్టేది రివెట్‌నా నన్నా అని."

"వెధవ."

"మీరూ ఏడుస్తున్నారు."

"కళ్ళజోడు తీసిపెట్టు. మసగ్గా ఉంది... ఈ మిగిలిన వాటినేం చేస్తారు? పారేస్తారా?"

"పారెయ్యక్కర్లేదు. మళ్ళీ కాల్చి, నీళ్ళలో ముంచితే మెత్తబడతాయి. మీరు మూకుట్లో పోసినప్పుడు ఆయన చేసుకొచ్చినట్టే."

"ఎవరైనా కాల్చొచ్చా?"

"కాల్చనివ్వరు. రాతపరీక్ష పాసయిన వాళ్ళనే ఫర్నేసు ముట్టుకోనిస్తారు. ఆయన రాతపరీక్ష పోయినేడే పాసయ్యారు. వేడి కాస్త ఎక్కువైతే కరుగుతాయి, తక్కువైతే మెత్తబడవు."

"ఎక్కడుంది అది?"

"హ్యాంగర్లో. రేపు పరీక్ష పెట్టే షెడ్డు పక్కనే."

"ఊఁ. సరే, పొద్దుపోయింది. పొట్లం ఇటివ్వు, ఎక్కడో ఓ మూల పెడతాను."

"వద్దు. నా సంచిలో పెట్టండి."

"సంచిలోనా?"

"కళ్ళజోడు తుడుచుకుని కూర్చోండి, అత్తయ్యా. ఇందాక వదిలేసిన అధ్యాయం అడగండి."