వడ్ల కింద ఎర్ర గీత

నా రిటైర్మెంట్ సభను నడిపిస్తున్న మా మేనేజర్ సుధాకర్ గారికి, కోదాడ, మిర్యాలగూడ ఆఫీసుల నుంచి పని మానుకుని వచ్చిన మిత్రులకు, ముందు వరుసలో కూర్చుని "తొందరగా ముగించు" అని సైగ చేస్తున్న మా ఇంటామె నాంచారమ్మకు నమస్కారాలు.

నేను సూర్యాపేట మార్కెట్లో కాంటాలు బాగుచేసేవాణ్ని. కాంటాలోకి కంప్యూటర్ దూరింది, దాని వెంట నేనూ దూరాను. అంతే నా చదువు. (నవ్వులు) ఆ తర్వాత ఈ ఆఫీసులో చేరి, మార్కెట్ కంప్యూటర్ చెప్పేది మిల్లు కంప్యూటర్‌కు అర్థమయ్యేలా చేసే నడిమి ప్రోగ్రాములు రాశాను. మిడిల్‌వేర్ అంటారు. నాంచారమ్మ మాత్రం "పెండ్లిళ్ల పేరయ్య కొలువు" అంటది.

ఆ వెనక తువ్వాల తలకు చుట్టుకున్నాయన లారీ సైదయ్య. మూడేళ్ల కింద ముసురు పట్టిన రోజుల్లో రూప్లా అనే రైతు పంటను మిర్యాలగూడ మిల్లుకు తీసుకుపోయాడు. సూర్యాపేటలో నేను ప్రోగ్రాంలో "వడ్లు" అని రాశాను. మిల్లు గేటు ప్రోగ్రాంలో కోదాడ ఆఫీసు నుంచి మన కిషన్ "ధాన్యం" అని రాశాడు. ఇద్దరిదీ తప్పు కాదు, అందుకే తప్పు దొరకలేదు. గేటు కంప్యూటర్ అలాంటి సరుకే లేదంది, లారీ వానలో గేటు బయటే ఆగిపోయింది. సైదయ్య ఫోన్ చేసి, "సార్, లారీ నిండ వడ్లున్నయి, మీ కంప్యూటర్ లేవంటది. నేను తెచ్చింది ఇసుకనా?" అన్నాడు.

(నవ్వులు) ఇప్పుడు నవ్వొస్తుంది. మూడో నాడు నేను గేటు దగ్గరికి పోయేసరికి రూప్లా తడిసిన బస్తా విప్పి పిడికెడు మొలకెత్తిన వడ్లు తీసి చూపించాడు. "సూడు సారూ, నారు పోసినట్టున్నది" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

మేం ప్రోగ్రాములు టైపు చేసే ఎడిటర్‌కు నేను ప్లగిన్ అనే చిన్న తోడు ప్రోగ్రాం రాసి తగిలించింది ఆ తర్వాతే. మన మాటలకు రంగులు వేస్తుంది, సగం రాస్తే మిగతా సగం అందిస్తుంది. అవన్నీ సోకులు. దాని అసలు పని ఒకటే. అవతలి పక్క జత లేని మాట రాస్తే కింద ఎర్ర గీత గీసి, "అవతల దీన్నేమంటరు?" అని అడుగుతుంది. "ముసలాయన ఎడిటర్ల జొచ్చి కూసున్నడు" అన్నారు మనవాళ్లు.

మొన్న సుధాకర్ గారు, "మీరు పోయినంక దాన్ని సూసేటోళ్లెవరు? బంద్ చేద్దాం" అన్నారు. ఉన్నారు సార్. నిడమనూరు పక్క తండా నుంచి వచ్చి మన ఆఫీసులో చేరిన సుకన్య. రైతులు ఫోన్లో సరుకు పేరు చెప్పి టోకెన్ తీసుకునే ప్రోగ్రాం రాస్తూ, వడ్లకు వాళ్ల తండా మాట కూడా జతచేసింది. "ఎవర్నడిగి పెట్టినవ్ బిడ్డా?" అన్నాను. "ప్లగినే నన్నడిగింది సార్. మీరే ఎన్నడూ అడగలే" అంది. (చప్పట్లు)

కాబట్టి సుధాకర్ గారూ, ఆ శాలువా జర ఆపండి. వారంలో ఒక రోజు ఈ ప్లగిన్ చూసే పని సుకన్యకు అప్పగిస్తున్నామని ఈ సభలో చెబితేనే కప్పించుకుంటాను.

ఏమన్నారు? "చూద్దాం" అన్నారా? (నవ్వులు) ఆ మాట కింద ఎర్ర గీత పడింది సార్. అవతల దాన్ని "లేదు" అంటరు.

(సుధాకర్ గారు మైకు దగ్గరికి వచ్చి మాట ఇస్తారు)

"సోమవారం నుంచి" అన్నారు. విన్నారుగా అందరూ? సైదయ్యా, నువ్వు సాక్షి.

ఇప్పుడు కప్పండి. నన్ను దిద్దినవాళ్లకు, నవ్వినవాళ్లకు, ఇంతసేపు విన్నవాళ్లకు కృతజ్ఞతలు. నాకు సెలవు. ఆ ఎర్ర గీతకు లేదు.